సాకెట్ వెనక ఎర్ర తీగ

కారు డిక్కీలోంచి ఆ పాత స్టీరియో రేడియో రిసీవర్‌ను దించడానికి ఇద్దరు కావలసి వచ్చింది. ఒక పక్క రెబెకా, ఇంకో పక్క సుమేరా భర్త నాసిర్ పట్టుకుని మెట్లెక్కించి, ముందు గదిలో కిటికీ దగ్గరున్న బల్ల మీద పెట్టారు. చుట్టిన దుప్పటి విప్పగానే సుమేరా వెనక్కి జరిగి, దాన్ని పైనుంచి కిందికి చూసింది.

సుమేరా వరంగల్‌లో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతుంది. సాయంత్రాలూ సెలవు రోజులూ పాత రేడియోలు, టేప్ రికార్డర్లు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తుంది. చార్‌బౌళిలోని వాళ్ల ఇంట్లో సోఫా ఉండాల్సిన చోట పొడవాటి బల్ల ఉంటుంది. వచ్చిన చుట్టాలు ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడతారు. ఆ బల్ల మీదికి వచ్చేవన్నీ సాధారణంగా దుమ్ము పట్టి, ఎలుకలు తీగలు కొరికేసి, నాబులు ఊడిపోయి వస్తాయి. ఇది మాత్రం నిన్న దుకాణం నుంచి తెచ్చినట్టుంది. వెండి రంగు ముఖం మీద గీత లేదు. ట్యూనింగ్ నాబ్‌ను వేలితో తోస్తే ముల్లు స్కేలు ఈ కొస నుంచి ఆ కొస దాకా తనంతట తానే జారుకుంటూ పోయింది. పైన చెక్క పెట్టె మీద ఒక మూల గ్లాసు పెట్టిన గుండ్రటి మచ్చ తప్ప ఇంకే లోపమూ కనిపించలేదు.

"ఎక్కడిదక్కా ఇది?" అని అడిగింది సుమేరా.

"మా డాడీ బహ్రెయిన్ల పనిచేసేటప్పుడు తెచ్చిండు మేడమ్. నేను పుట్టిన ఏడు."

రెబెకా హనుమకొండలో ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. ఆమె కూతురు జెస్సికా సుమేరా దగ్గర చదువుకుంటోంది కాబట్టి, వయసులో పెద్దదైనా సుమేరాను మేడమ్ అనే పిలుస్తుంది. తండ్రి దావీదు చనిపోయి మూడేళ్లయింది.

"ఎవ్వరినీ ముట్టనిచ్చేటోడు కాదు. సెలవుల మీద వచ్చినప్పుడు ఆయననే ఆన్ చేసేది, ఆయననే ఆఫ్ చేసేది. పోయేటప్పుడు గుడ్డ కప్పి పోతుండె. మేము దూరం నుంచి చూసుడే."

"ఇప్పుడేమైంది దీనికి?"

"ఎడమ పక్క స్పీకరు గరగర అంటాంది. లైట్లు పోయినయి. కొంచెంసేపు నడిస్తే వేడి వాసన వస్తాంది. కానీ మేడమ్, అది బాగుచేసుడొక్కటే కాదు. మొత్తం కొత్తదాని లెక్క కావాలె నాకు. లోపలివి అన్ని మార్చండి. లైట్లు నీలం రంగు ఎల్ఈడీ పెట్టండి. ఫోన్ కలిసేటట్టు బ్లూటూత్ పెట్టండి. ఈ మచ్చ పోవాలె. హాల్ల పెడుత. డాడీ గుర్తు గదా, వచ్చినోళ్లు చూడాలె."

సుమేరా వెంటనే సరే అనలేదు. "మొదలు విప్పి చూస్త అక్కా. ఎంత చెయ్యాల్నో దాన్ని చూసినంకనే చెప్త," అంది.

రెబెకా వెళ్లాక పెట్టె విప్పింది. లోపల చూసి ఆమెకు ముచ్చటేసింది. అడుగున సన్నటి ధూళి తప్ప ఏమీ లేదు. తీగలన్నీ కట్టలు కట్టలుగా, మైనపు దారంతో కట్టి ఉన్నాయి. ఇట్లాంటివి చేతికొచ్చినప్పుడల్లా ఆమె మనసులో ఒకే తర్జనభర్జన. అన్నీ మార్చేస్తే ఇంకో ఇరవై ఏళ్లు నిశ్చింతగా నడుస్తుంది. కానీ అప్పుడు మిగిలేది పాత డబ్బాలో కొత్త సామాను. ఏమీ మార్చకపోతే ఒకరోజు పొగ వస్తుంది. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలనేది ప్రతి సెట్టుకూ వేరేగా ఉంటుంది. దావీదు ఇంత జాగ్రత్తగా దాచినదాన్ని నీలం లైట్లతో నింపడం ఆమెకు అసలే ఇష్టం లేదు.

వేడి వాసనకు కారణం తేలిగ్గానే దొరికింది. కరెంటును నిలకడగా ఉంచే పెద్ద కెపాసిటర్లు రెండు పైకి ఉబ్బాయి. గరగరకు కారణం నాబుల వెనక స్విచ్చులకు పట్టిన మసి. లోపల షార్ట్ ఉంటే వెలిగి హెచ్చరించే సిరీస్ బల్బు పెట్టి మెల్లగా కరెంటు ఇచ్చి చూసింది. మిగతాదంతా ఆరోగ్యంగా ఉంది. చివరగా హెడ్‌ఫోన్ సాకెట్‌లో తన హెడ్‌ఫోన్ గుచ్చింది. కుడి చెవిలో పాట వచ్చింది. ఎడమ చెవిలో ఏమీ లేదు.

హెడ్‌ఫోన్ పాడైందేమోనని ఫోన్‌కు తగిలించి చూసింది. బాగానే ఉంది. సాకెట్ వెనక టార్చి కొట్టి చూస్తే, ఎడమ పక్కకు పోవలసిన తీగ అక్కడ లేదు. ఎవరో దాన్ని విప్పి, ఒక ఎర్ర తీగ ముక్కతో పొడవు పెంచి, మధ్యలో కరెంటును తగ్గించే ఒక రెసిస్టర్ పెట్టి, కుడి పక్క చివరకే అతికారు. కంపెనీ వాళ్లు వేసిన అతుకులు సన్నగా మెరుస్తున్నాయి. ఈ ఒక్కటి లావుగా, మసకగా ఉంది. ఆ రెసిస్టర్ మన దేశంలో చేసింది, లోపలున్న మిగతావాటి కంటే పెద్దది.

"ఏందట?" అన్నాడు నాసిర్ చాయ్ గ్లాసులు తెచ్చి.

"రెండు పక్కల పాటను కలిపి ఒక్క కుడి చెవికే పంపిచ్చిన్రు. ఎడమ చెవికి ఏం లేదు."

"ఎవడో మెకానిక్ తప్పు చేసినట్టుంది. ఆ తీగ పీకి మళ్ల దాని జాగల పెడితే అయిపాయె."

"తప్పు కాదు ఇది. తప్పు చేసేటోడు ఈ రెసిస్టర్ పెట్టడు. రెండు పక్కలు నేరుగ కలిపితే ఒకదాన్నొకటి కాలబెట్టుకుంటయి. ఆ సంగతి తెలిసినోళ్లు చేసిన్రు."

"అయితే ఎందుకు చేసిన్రు?"

అదే ఆమెకూ అర్థం కాలేదు. రాత్రి వంట చేస్తూ కూడా ఆలోచించింది. అమ్మకానికి ముందే కంపెనీ మార్చిందా అంటే, ఇంటర్నెట్‌లో దొరికిన ఆ మోడల్ సర్క్యూట్ పటంలో రెండు తీగలూ వేర్వేరుగానే ఉన్నాయి. రిపేరు షాపుల్లో తిరిగిందా అంటే, స్క్రూల తలల మీద కంపెనీ వేసిన రంగుచుక్కలు చాలావరకు పగలకుండానే ఉన్నాయి. ముందు పలక దాకా చేరడానికి ఏ స్క్రూలు విప్పాలో వాటి మీది చుక్కలే పగిలాయి. విప్పినవాళ్లకు అవసరానికి మించి ఒక్కటి కూడా ముట్టుకోవాలనిపించలేదు.

మర్నాడు కాలేజీ నుంచి వచ్చి మళ్లీ హెడ్‌ఫోన్ పెట్టుకుంది. ఎడమ పక్క నిశ్శబ్దం చికాకుగా ఉంది. అటువైపు చెవి కప్పును పక్కకు జరిపి, బయటి చప్పుడు రాకుండా ఎడమ చెవిలో వేలు పెట్టుకుంది. అప్పుడు చికాకు పోయింది. గొంతు, తబలా, వెనక వాయిద్యాలు అన్నీ ఒకే చెవిలో సరిపడా ఉన్నాయి. ఎడమ పక్కవి కొంచెం తక్కువగా వినిపిస్తున్నాయి, అంతే. చాలాసేపు అట్లాగే చెవిలో వేలుతో కూర్చుంది. తర్వాత రెబెకాకు ఫోన్ చేసింది.

"అక్కా, ఒక్క మాట అడుగుత. డాడీకి ఎడమ చెవి వినబడకపోతుండెనా?"

"లేదే. ఆయనకు రెండు చెవులు మంచిగనే వినబడేటియి. ఎందుకు?"

"వచ్చి చూడండి. ఫోన్ల చెప్తే అర్థం కాదు. అది చూడకుండ ఏం మార్చాల్నో నేను చెప్పలేను."

ఆదివారం చర్చి అయ్యాక రెబెకా తల్లిని కూడా తీసుకుని అటునుంచటే వచ్చింది. సుశీలకు డెబ్బై దాటాయి. సన్నటి మనిషి, నూలు చీర, దళసరి కళ్లద్దాలు. నాసిర్ వేసిన కుర్చీని ఆమె ఎత్తి బల్లకు అవతలి పక్కన వేసుకుని కూర్చుంది. వెలుతురు కోసమనుకుంది సుమేరా.

మూత తీసి ఉన్న రిసీవర్‌ను రెబెకాకు చూపిస్తూ, ఉబ్బిన కెపాసిటర్లు, మసి, అన్నీ వివరించింది. తర్వాత ఆమె తలకు హెడ్‌ఫోన్ పెట్టింది.

"ఒకటే పక్క వస్తాంది," అంది రెబెకా. ఒక్క క్షణం ఆగి నవ్వింది. "అరే, యాదికొచ్చింది. డాడీ ఒకసారి సెలవుల మీద వచ్చి గిట్లనే అన్నడు. హెడ్‌ఫోన్ ఖరాబైందని పక్కింటోళ్లకు ఇచ్చేసిండు. మళ్ల సెలవుకు కొత్తది తెచ్చిండు, అది గూడ ఒకటే పక్క. ఇగ హెడ్‌ఫోన్లన్ని దొంగ సామానే అని తిట్టుకుంట పక్కకు పెట్టిండు."

"ఖరాబు కాలే అక్కా. ఇగో, ఈ ఎర్ర తీగ చూడండి. ఎవరో కావాలని ఇట్ల చేసిన్రు. ఒక్క చెవి మాత్రమే వినబడే మనిషి కోసం చేసిన పని ఇది. స్పీకర్లు అందరికి ఎప్పటి లెక్కనే వస్తయి. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మాత్రం పాట మొత్తం ఒక్క చెవికే. ఎవరికోసమో తెల్వదు. దీన్ని తీసెయ్యాల్నా, ఉంచాల్నా అనేది మీరే చెప్పాలె."

సుశీల కుర్చీలోంచి లేచి, కళ్లద్దాలు పైకి తోసుకుని, సాకెట్ మీదికి వంగింది.

"ఆ అతుకు ఇంకా ఊడలేదా?" అంది.

రెబెకా హెడ్‌ఫోన్ తీసి తల్లి వైపు చూసింది. "ఏ అతుకమ్మా?"

"గదే. మసక మసక ఉన్నది చూడు. అతుకు వేసే సలాక సరిగ్గ వేడెక్కలే ఆ రోజు. కరెంటు తక్కువొచ్చింది. ఊడుతది ఊడుతది అనుకున్న."

"నువ్వా చేసింది?"

"మరెవరు చేస్తరు?" అని సుశీల మళ్లీ కూర్చుంది.

చాయ్ చల్లారిపోయేదాకా ఆమె చెప్పింది. అడిగినకొద్దీ చెప్పింది, అడగనివీ కొన్ని చెప్పింది. ఆమె పుట్టింది స్టేషన్ ఘన్‌పూర్‌లో. చిన్నప్పుడు చెవిలో చీము పట్టి ఎడమ పక్క పూర్తిగా పోయింది. పదో తరగతి అయ్యాక, మిషన్ వాళ్లు ఆడపిల్లలకు కుట్టుపనితో పాటు రేడియో రిపేరు కూడా నేర్పుతామంటే అందులో చేరింది. కుట్టుకు అందరూ పోయారు. రేడియోకు పోయింది ఆమే, ఇంకిద్దరూ.

"నాకెన్నడు చెప్పలేదేందమ్మా?" అంది రెబెకా.

"ఏది? చెవా, రేడియోనా?"

"రెండు."

"చెవి సంగతి పెండ్లప్పుడు మా అమ్మ ఎవ్వరికి చెప్పొద్దన్నది. ఒక్కసారి తెలిస్తే ఊరంత చెవిటిదనే పిలుస్తరు. కుడి పక్కకు మనిషి ఉండేటట్టు చూసుకుంటే ఎవ్వరికి తెల్వదు. గదే అలవాటైంది. రేడియో సంగతంటవా, పెండ్లయినంక ఎవరు చెయ్యనిస్తరు? సలాక మాత్రం పెట్టె అడుగున దాచుకున్న."

"మరి ఇది ఎప్పుడు విప్పినవు? డాడీ ముట్టనియ్యకపోతుండె గదా."

సుశీల ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించింది. "ఆయన బహ్రెయిన్‌ల ఉండె. మా ఆడబిడ్డ వచ్చింది ఒకసారి. దీనికి కలిపిన టేప్ రికార్డర్ల ఆయన తెచ్చిన క్యాసెట్ పెట్టి, హెడ్‌ఫోన్ పెట్టుకొని, వదినా, ఈ పాటల వయొలిన్ ఎంత మంచిగున్నది అన్నది. నేను ఆ పాట అప్పటికి మస్తు సార్లు విన్న. నాకు వినబడ్డ దాంట్ల వయొలినే లేదు. ఆమె పోయినంక హెడ్‌ఫోన్ తిరగేసి పెట్టుకున్న. వయొలిన్ వచ్చింది. పాడే మనిషి పోయిండు. ఇటు పెడితే అది లేదు, అటు పెడితే ఇది లేదు. రెండు ఒక్కసారి ఎట్ల వినాలె అని ఒకటే ఆలోచన."

"ఇది కాలిపోతదని భయం గాలేదా అమ్మా?" అని సుమేరా అడిగింది. అది ఆమె నిజంగా తెలుసుకోవాలనుకున్న సంగతి.

"అయింది బిడ్డా. అందుకే వారం రోజులు విప్పి చూసుడు, మళ్ల మూసుడు. ఏ తీగ ఎటు పోతాందో చూసుకున్న. రెసిస్టర్ లేకుండ కలపొద్దని మాకు నేర్పిన సార్ చెప్పిండు ఒకప్పుడు. ఇంట్ల చెడిపోయిన ట్రాన్సిస్టర్ ఉండె. దాంట్ల నుంచి పీకిన. అందరు పగటిపూట పండుకున్నంక ఆ పని చేసిన."

రెబెకా హెడ్‌ఫోన్ మళ్లీ పెట్టుకుని, ఎడమ చెవిని అరచేత్తో మూసుకుని, కిటికీ వైపు చూస్తూ వస్తున్న పాటను చివరిదాకా విన్నది. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి, "ఇది తీయొద్దు మేడమ్," అంది. "ఏది మార్చొద్దు. ఎట్లున్నదో గట్లనే ఉంచండి. ఆ అతుకు గూడ."

సుమేరాకు సరిగ్గా అదే కావాలి. దాన్ని ముట్టకుండా, కెపాసిటర్లు మార్చి, మసి తుడిచి ఇచ్చేద్దామని అప్పటికే మనసులో అనుకుంది. కానీ సుశీల ఒప్పుకోలేదు.

"ఎందుకట్ల ఉంచుడు? అది సరిగ్గ లేదు. ఎడమ పక్కది తక్కువ వస్తది. అప్పుడు నా దగ్గర సరైన రెసిస్టర్ లేక ఉన్నది పెట్టిన. వయొలిన్ వినాల్నంటే సౌండ్ మొత్తం పెంచాలె. నలభై ఏండ్ల సంది నాకు తెలుసు అది తప్పని."

"అది మార్చితే మీరు చేసిన పని పోతది గదమ్మా," అంది సుమేరా.

"పని ఏడికి పోతది? మంచిగైతది."

సుమేరా టార్చి తీసి ఆ అతుకు మీదికి మళ్లీ కొట్టింది. తను ఇంతకాలం పాతదాన్ని ఉన్నదున్నట్టు ఉంచడమే గౌరవం అనుకుంది. ఇక్కడ పని చేసిన మనిషే ఎదురుగా కూర్చుని, దాన్ని సరిదిద్దుకుంటానంటోంది.

"మరి రెండు చెవులున్నోళ్లు ఎట్ల వినాలె?" అన్నాడు నాసిర్. "వెనక పక్క చిన్న స్విచ్ పెడితే? ఇటు తిప్పితే అమ్మకు, అటు తిప్పితే మిగతావాళ్లకు."

"స్విచ్ పెట్టాల్నంటే రేకుకు బొక్క కొట్టాలె," అంది సుమేరా.

"బొక్క వద్దు," అని సుశీల తేల్చేసింది. "నేను ఆ రోజే కొట్టలే, ఇప్పుడు కొడుతమా? నేనున్నన్ని రోజులు గిట్లనే ఉండని. తర్వాత రెండు చెవులకు కావాలంటే ఆ తీగ విప్పి దాని జాగల పెట్టుకోండి. ఎవరి అవసరం వాళ్లది."

ఇంకా కొంతసేపు బేరాలు నడిచాయి. నీలం లైట్ల మాట రెబెకాయే వదులుకుంది. మునుపటిలాంటి పసుపు వెలుగు బల్బులే వేయాలని కుదిరింది. బ్లూటూత్‌కు లోపల ఏమీ కోయకుండా, వెనక ఖాళీగా ఉన్న సాకెట్‌కు చిన్న డబ్బా తగిలిస్తే చాలంది సుమేరా. చెక్క మీది గ్లాసు మచ్చ దగ్గర మాత్రం ఆమే ఓడిపోయింది. అది ఉంటేనే బాగుంటుందని ఆమె అన్నది. దావీదు చాయ్ గ్లాసు పెట్టిన గుర్తు కదా అని రెబెకా కూడా అన్నది.

"ఆయన పెట్టలే," అంది సుశీల. "మా ఆడబిడ్డ పెట్టింది. ఆ మచ్చ చూసి ఆయన నన్ను తిట్టిండు. తుడిచెయ్ బిడ్డా దాన్ని."

సరైన రెసిస్టర్ సుమేరా డబ్బాల్లోనే ఉంది. ఆమె సలాక వేడిచేసి తను అతకబోయింది. సుశీల చెయ్యి చాచింది. సుమేరా సలాక ఆమెకిచ్చి పక్కకు జరిగింది. సుశీల మోచేయి బల్ల మీద ఆనించుకుని, ఊపిరి బిగబట్టి, పాత అతుకును కరిగించి తీగ విడదీసి, కొత్త రెసిస్టర్ ఆనించింది. మొదటిసారి కరిగించిన సీసం గడ్డ కట్టి పక్కకు జారింది. "కంటికి ఆనుతలేదు," అని గొణిగింది. రెబెకా తన ఫోన్ టార్చి వెలిగించి దగ్గరగా పట్టుకుంది. రెండోసారి సుశీల తొందరపడలేదు. తీగ కొసను ముందు వేడెక్కనిచ్చి, ఆ తర్వాత సీసం తాకించింది. అది చుక్క నీళ్లలా పాకి, సన్నగా మెరిసింది.

సుమేరా భూతద్దం పెట్టి చూసింది. "నా స్టూడెంట్లకు చూపించాలె అమ్మా," అంది.

"చాల్లే," అంది సుశీల. కానీ భూతద్దం తీసుకుని తనూ చూసుకుంది.

పరీక్షించడానికి సుమేరా తన ఫోన్‌లో వయొలిన్ ఎక్కువగా ఉన్న పాత పాటొకటి వెతికి, తీగతో రిసీవర్ వెనక కలిపి పెట్టింది. సుశీల హెడ్‌ఫోన్ తగిలించుకుని, వాల్యూమ్ నాబ్‌ను తనే మెల్లగా తిప్పుకుంది. సగం దాకా కూడా తిప్పలేదు. అక్కడే ఆగింది.

"వస్తాందా?" అని రెబెకా కుడి పక్కకు వంగి అడిగింది.

సుశీల చెయ్యి ఎత్తి ఆగమని సైగ చేసింది.

మిగిలిన పనికి సుమేరాకు మరో రెండు వారాలు పట్టింది. కెపాసిటర్లు తెప్పించి వేసింది, బల్బులు మార్చింది, చెక్కను రుద్ది మచ్చ తీసింది. అది పోయాక పెట్టె బోసిగా ఉన్నట్టు ఆమెకు అనిపించిందిగాని, ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఆ తర్వాతి ఆదివారం నాసిర్, ఆమె కలిసి రిసీవర్‌ను కాజీపేటలోని ఫాతిమానగర్‌కు తీసుకుపోయారు. రెబెకా భర్త విన్సెంట్ ఎదురొచ్చి పట్టుకున్నాడు. రైల్వేలో పనిచేసే ఆ మనిషికి మాటలు తక్కువ. హాల్లో టీవీ పక్కన దాన్ని పెట్టి ఆన్ చేస్తే, స్కేలు వెనక పసుపు వెలుగు నిదానంగా పరుచుకుంది. జెస్సికా ముల్లును ఇటూ అటూ తిప్పి స్టేషన్లు వెతకసాగింది. ఎవరూ ఆమెను వద్దనలేదు.

భోజనాల దగ్గర విన్సెంట్, "ఇంతకూ దానికేమైంది మేడమ్?" అని సుమేరాను అడిగాడు.

సుమేరా రెబెకా వైపు చూసింది. రెబెకా తల్లి వైపు చూసింది. సుశీల అన్నం కలుపుతూనే, తన ఎడమ చెవి సంగతి, ఎర్ర తీగ సంగతి అల్లుడికి తనే చెప్పింది. పెద్ద కథలా ఏమీ చెప్పలేదు. నాలుగు మాటల్లో ముగించి పచ్చడి అందుకుంది. జెస్సికా నోట్లో ముద్ద పెట్టుకోవడం మరిచిపోయి వింది.

విన్సెంట్ ఇరవై ఏళ్లుగా ఆ భోజనాల బల్ల దగ్గర అత్తకు ఎడమ పక్కనే కూర్చుంటున్నాడు. అతను అడిగినదానికి ఆమె పలకకపోతే, తనంటే ఆమెకు పడదేమోనని పెండ్లయిన కొత్తలో రెబెకాతో ఒకటి రెండుసార్లు అన్నాడు కూడా. ఇప్పుడు పళ్లెం, మంచినీళ్ల గ్లాసు చేతుల్లోకి తీసుకుని లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆమెకు కుడి పక్కన, ఒకప్పుడు దావీదు కూర్చున్న ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు.

"అత్తమ్మా, పప్పు వెయ్యాల్నా?" అని అడిగాడు మామూలు గొంతుతో.

"జర వెయ్యి," అంది సుశీల.